చేతులు మారిన కార్ఖానాలు: వాల్‌చంద్ హీరాచంద్ కట్టినవి, పోగొట్టుకున్నవి

సూరత్‌లో సాంచల చప్పుడు ఆగని పేటల్లో బమ్రోలి ఒకటి. ఉధ్నా, పాండేసరా, లింబాయత్‌లలాగే ఇక్కడా షెడ్ల మధ్య సందుల్లో తెలుగు వినిపిస్తుంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఈ నగరంలో పవర్‌లూమ్‌ల మీద బతుకుతున్నాయి. తాత సాంచ నడిపాడు, తండ్రి సాంచ నడిపాడు. మనవడు ఐటీఐలో ఫిట్టరో వెల్డరో చదువుకుంటే అతనికి ఇంకో దారి కనిపిస్తుంది. అది అహ్మదాబాద్ దాటాక వచ్చే సాణంద్‌కు పోతుంది.

సాణంద్‌లో ఫోర్డ్ 2015లో కార్ల ఫ్యాక్టరీ తెరిచింది. 2021 సెప్టెంబర్‌లో ఇక ఈ దేశంలో కార్లు తయారు చేయబోమని ప్రకటించింది. మరుసటి ఏడాది ఆగస్టులో టాటా మోటార్స్ అనుబంధ సంస్థ ఆ ఫ్యాక్టరీని 725.7 కోట్ల రూపాయలకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2023 జనవరి 10న అది చేతులు మారింది. వాహన తయారీ విభాగంలో అర్హులైన ఉద్యోగులందరికీ కొత్త యజమాని ఉద్యోగం ఇస్తానన్నాడు. 2024 జనవరిలో అదే గేటు నుంచి టాటా కార్లు బయటికి రావడం మొదలైంది. ఏటా 3 లక్షల కార్లు తయారు చేసే సామర్థ్యం దానికి ఉంది, 4.2 లక్షల దాకా పెంచుకోవచ్చు. అదే ఫోర్డ్‌కు చెన్నై పక్కన మరైమలై నగర్‌లో ఉన్న ఫ్యాక్టరీని మాత్రం ఎవరూ కొనలేదు. అక్కడ 2022లో కార్ల తయారీ ఆగిపోయింది. కార్మికులు పరిహారం తీసుకుని ఇళ్లకు వెళ్లారు.

కంపెనీ ఒకటే, ప్రకటన ఒకటే. ఒక ఊళ్లో ఉద్యోగాలు నిలిచాయి, ఇంకో ఊళ్లో పోయాయి. కార్ఖానా చేతులు మారితే అందులో పనిచేసేవాళ్ల గతి ఏమిటన్న ప్రశ్న మన దేశంలో కార్ల పరిశ్రమ పుట్టకముందే పుట్టింది. దాన్ని ఒక జీవితకాలంలో పదే పదే ఎదుర్కొన్న మనిషి వాల్‌చంద్ హీరాచంద్. ఓడ, విమానం, కారు మూడూ ఈ దేశంలోనే తయారు కావాలని పట్టుబట్టి, మూడింటికీ కార్ఖానాలు పెట్టినవాడు. ముంబైలో, పుణెలో ఆ పేరు ఇంకా చలామణిలో ఉంది. తెలుగు నేల మీద ఆయన్ను ఎరిగినవాళ్లు తక్కువ. కానీ విశాఖపట్నంలో సింధియా అంటే ఎక్కడో ఏ ఆటో డ్రైవరైనా చెబుతాడు. ఆ పేరు అక్కడికి తెచ్చినవాడు ఈయనే.

షోలాపూర్ నుంచి

షోలాపూర్ అంటే మనకు దుప్పట్లు గుర్తుకొస్తాయి. ఆ దుప్పట్లు నేసిన చేతుల్లో తెలుగు చేతులు చాలా ఉన్నాయి. నిజాం రాజ్యంలోని పల్లెల నుంచి పద్మశాలీలు పందొమ్మిదో శతాబ్దంలోనే అక్కడికి వలస వెళ్లారు. తర్వాతి తరాలు భివండీకి, సూరత్‌కు పట్టిన దారి అదే. ఆ ఊళ్లోనే 1882 నవంబర్ 23న వాల్‌చంద్ పుట్టాడు. కాఠియావాడ్‌లోని వాంకానేర్ నుంచి వచ్చి స్థిరపడిన గుజరాతీ దిగంబర జైన కుటుంబం. తండ్రి హీరాచంద్‌ది పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం.

చదువు బొంబాయిలో, పుణెలో కాలేజీ దాకా సాగి మధ్యలో ఆగింది. కుటుంబ వ్యాపారంలో కూర్చున్నాడు కానీ అందులో మనసు నిలవలేదు. పత్తి కొని అమ్మేవాడు ధర మీద బతుకుతాడు. వాల్‌చంద్‌కు ఏదో ఒకటి కట్టడం మీద ఆశ. రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన లక్ష్మణరావు ఫాటక్‌తో కలిసి రైల్వే కాంట్రాక్టులు పట్టాడు. చిన్న లైన్లతో మొదలైన పని భోర్ ఘాట్ సొరంగాల దాకా, బొంబాయికి నీళ్లు తెచ్చే తాన్సా పైపులైను దాకా పోయింది. ఈ రోజు హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ పేరుతో ఉన్న సంస్థ 1926లో ఆయన మొదలుపెట్టిందే.

ఈ కాంట్రాక్టుల కాలం నుంచి ఆయనకు ఒక అలవాటు అబ్బింది. చేతిలో ఉన్న డబ్బును బట్టి పనిని ఎంచుకోవడం ఆయనకు తెలియదు. ముందు పని ఒప్పుకుని, తర్వాత డబ్బు వెతుక్కునేవాడు. ఈ అలవాటే ఆయన్ను నిలబెట్టింది, చివర్లో ఆయన చేతుల్లోంచి చాలా జారిపోవడానికీ అదే కారణమైంది. సమకాలీన వ్యాపారులు చాలామంది ఆయన్ను దూకుడు మనిషిగా, లెక్క తెలియనివాడిగా చూశారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

అమ్మనన్న కంపెనీ

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఓడలకు గిరాకీ విపరీతంగా ఉంది. గ్వాలియర్ మహారాజు సింధియా యుద్ధకాలంలో ఆసుపత్రి ఓడగా వాడించిన లాయల్టీ అనే ఆవిరి నౌక అమ్మకానికి వచ్చింది. వాల్‌చంద్, నరోత్తం మొరార్జీ, మరికొందరు కలిసి దాన్ని కొని సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. 1919 ఏప్రిల్ 5న ఆ ఓడ బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. ఏటా ఏప్రిల్ 5న మనం జరుపుకునే జాతీయ నౌకాయాన దినోత్సవం దాని గుర్తే. ఓడ మాత్రం పాతది, ఖర్చెక్కువ. 1923లో దాన్ని ముక్కలకు అమ్మేశారు.

అప్పట్లో భారత తీరం మీద సరకు రవాణా అంతా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ చేతిలో ఉండేది. దాని అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్. కొత్త భారతీయ కంపెనీ నీళ్లలోకి దిగగానే ఆయన రవాణా రేట్లు నేలకు దించాడు. ఆ దెబ్బతో కూలకపోతే కొనేద్దామనుకున్నాడు. మంచి ధరే ఇవ్వజూపాడు. సింధియా వాటాదారుల్లో చాలామందికి అది గండం గట్టెక్కే మార్గంలా కనిపించి ఉండాలి. వాల్‌చంద్ ఒప్పుకోలేదు.

ఇంచ్‌కేప్ కొనాలనుకున్నది ఓడల్ని నడపడానికి కాదు, పోటీని మూయడానికి. అమ్మి ఉంటే భారతీయ నావికుడికి, భారతీయ ఇంజినీరుకు దొరికిన ఆ కొద్దిపాటి చోటు కూడా అప్పుడే పోయేది. అమ్మనందుకు మూల్యం వేరే రూపంలో కట్టాల్సి వచ్చింది. 1923లో పదేళ్ల ఒప్పందం కుదిరింది. తీరరవాణాకు పరిమితం కావాలి, ఇంత టన్నేజీ దాటకూడదు అని సింధియా సంతకం చేసింది. కాళ్లు కట్టేసి నడవనిచ్చినట్టు. అయినా కంపెనీ బతికింది. నరోత్తం 1929లో చనిపోయాక వాల్‌చంద్ దాని అధ్యక్షుడై 1950 దాకా ఉన్నాడు. ఈ మధ్యలో నాసిక్ దగ్గర రావల్‌గావ్‌లో చెరకు, చక్కెర, పుణె జిల్లాలో తన పేరుతోనే వాల్‌చంద్‌నగర్.

రాకూడని కారు

కారు ఆలోచన 1930ల నడుమ మొదలైంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య యూరప్, అమెరికా ఫ్యాక్టరీలు తిరిగి వచ్చి బొంబాయిలో కార్ల తయారీకి పథకం రాశారు. హైదరాబాద్ మూసీ వరదల తర్వాత జలాశయాల ప్రణాళిక ఇచ్చిన విశ్వేశ్వరయ్యే ఈయన. ఆ పథకానికి డబ్బు, కాళ్లు అరిగేలా తిరిగే ఓపిక వాల్‌చంద్‌వి. 1937లో వచ్చిన బొంబాయి కాంగ్రెస్ మంత్రివర్గం సానుభూతి చూపింది. 1939లో అది రాజీనామా చేసింది. తర్వాత మైసూరు సంస్థానంలో పెడదామంటే ఢిల్లీ ప్రభుత్వం కలిసి రాలేదు.

కారణం దాచేదేమీ కాదు. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో, ఫోర్డ్ అంతకు కొంచెం ముందు నుంచి మద్రాస్, బొంబాయి, కలకత్తాల్లో కార్లు బిగించి అమ్ముతున్నాయి. భాగాలన్నీ పెట్టెల్లో ఓడ మీద వచ్చేవి. ఇక్కడ పని బోల్టులు బిగించడం, రంగు వేయడం. పెట్టెలు విప్పే చోట ఉద్యోగాలు వందల్లో ఉంటాయి. ఇంజిన్ పోతపోసి, గేర్లు కోసి, స్ప్రింగులు చేసే చోట వేలల్లో ఉంటాయి. వాటి చుట్టూ చిన్న వర్క్‌షాపుల్లో ఇంకా ఎన్నో రెట్లు. వాల్‌చంద్, విశ్వేశ్వరయ్య అడిగింది ఈ రెండోదాన్ని.

ఫోర్డ్‌తో మాటలు ఫలించలేదు. క్రైస్లర్ ఒప్పుకుంది. యుద్ధం మధ్యలో, 1944లో, ప్రీమియర్ ఆటోమొబైల్స్ పుట్టింది. బొంబాయి కుర్లాలో కార్ఖానా. 1947లో మొదటి వాహనాలు బయటికొచ్చాయి, డాడ్జ్, డిసోటో, ప్లిమత్ పేర్లతో. దానికి రెండేళ్ల ముందే, 1942లో, బిర్లాలు హిందుస్థాన్ మోటార్స్‌ను గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో మొదలుపెట్టారు. దాన్ని తర్వాత బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాకు మార్చారు. గుజరాత్‌కు కార్లు కొత్త అనుకుంటాం కానీ ఆ పరిశ్రమ మొదటి అడుగు పడింది అక్కడే.

బెంగళూరులో పోయిన విమానం

కారు ఆలోచన నలుగుతుండగానే విమానం వచ్చింది. 1939లో అమెరికా ప్రయాణంలో వాల్‌చంద్‌కు విమానంలో విలియం పాలీ అనే వ్యాపారి పరిచయమయ్యాడు. చైనాలో విమానాల కార్ఖానా నడిపినవాడు. అలాంటిది ఇక్కడ ఎందుకు పెట్టకూడదన్న ఆలోచన అక్కడే మొలిచింది. మైసూరు దివాన్ మీర్జా ఇస్మాయిల్ భూమి ఇచ్చాడు, సంస్థానం పెట్టుబడి పెట్టింది. 1940 డిసెంబర్ 23న బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ నమోదైంది. 1941లోనే హార్లో శిక్షణ విమానం ఎగిరింది.

అదే ఏడాది భారత ప్రభుత్వం కూడా వాటాదారుగా చేరింది. జపాన్ బర్మా దాకా వచ్చేసరికి ఢిల్లీకి భయం పట్టుకుంది. 1942 ఏప్రిల్‌లో ప్రభుత్వం వాల్‌చంద్, ఆయన భాగస్వామి వాటాలు కొనేసి కంపెనీని తన చేతిలోకి తీసుకుంది. తొందర్లోనే అది అమెరికా వైమానిక దళానికి మరమ్మతుల డిపోగా మారింది. వాల్‌చంద్‌కు విమానాలు తయారు చేయాలని ఉంది. ప్రభుత్వానికి ఉన్న విమానాలు ఎగురుతూ ఉండాలి. ఆయన బాధపడ్డాడంటే తప్పు పట్టలేం. కానీ ఉద్యోగాల లెక్కలో చూస్తే చిత్రమైన విషయం కనిపిస్తుంది. చేతులు మారిన ఏడాదిలోనే ఆ కార్ఖానాలో పని వేల మందికి పాకింది. యజమాని మంచివాడని కాదు. మరమ్మతు చేయాల్సిన విమానాలు వరసలో నిలబడి ఉన్నాయి కాబట్టి.

అందుకే యుద్ధం అయిపోగానే పని కూడా అయిపోయింది. విమానాల కార్ఖానాకు విమానాల్లేవు. అప్పుడు అక్కడ రైలు బోగీలు, బస్సు బాడీలు కట్టారు. వినడానికి చిన్నతనంగా ఉంటుంది కానీ నేర్చుకున్న చేతుల్ని చెదరనివ్వకుండా ఆపింది ఆ బోగీలే. 1951లో హెచ్‌టీ-2 శిక్షణ విమానం ఎగిరేనాటికి రేకు మడవడం, రివెట్ కొట్టడం వచ్చిన కార్మికులు సిద్ధంగా ఉన్నారు. 1964లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అయింది. ఇప్పుడు ఇరవై వేల మందికి పైగా పనిచేసే సంస్థ. హైదరాబాద్ బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ గేటు ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లలో దాని మూలపురుషుడి పేరు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

డాల్ఫిన్స్ నోస్ నీడలో

ఓడల కార్ఖానాకు ఆయన మొదట కలకత్తా అనుకున్నాడు. అక్కడి రేవు అధికారులతో కుదరలేదు. విశాఖలో రేవు 1933లో తెరుచుకుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున లోతైన నీళ్లు, పక్కనే రైలు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ షిప్‌యార్డుకు శంకుస్థాపన చేశారు. ఆ పరిసరాలకు గాంధీగ్రామ్ అని పేరు. యార్డు చిరునామాలో ఇప్పటికీ అదే ఉంటుంది.

పది నెలలు తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. యార్డు పని ఆగింది. అంటే ఒకే నెలలో వాల్‌చంద్ బెంగళూరు కార్ఖానా ప్రభుత్వపరమైంది, విశాఖ కార్ఖానా బాంబుల పాలైంది. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు రాబోతున్నాయి. ఇంకొకరైతే అక్కడితో చాలించుకునేవారు. ఆయన రెండేళ్లకు కార్ల కంపెనీ నమోదు చేశాడు, విశాఖలో పని మళ్లీ మొదలుపెట్టించాడు.

1948 మార్చి 14న జలఉష నీళ్లలోకి జారింది. ఎనిమిది వేల టన్నుల ఓడ. ప్రధాని నెహ్రూ వచ్చారు. ఓడల నిర్మాణం ఎరగని ఊళ్లో ప్లేట్లు కోసి, వంచి, అతికి, బాయిలర్ కూర్చిన పని అది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన యువకులు ఆ పనులు నేర్చుకుంటూ చేశారు. పొలం పనీ, వేటా, లేదంటే రంగూన్ ఓడ ఎక్కడం తప్ప వేరే దారి లేని ప్రాంతానికి నెల జీతం అనేది వచ్చింది.

ఇక్కడే వాల్‌చంద్ లెక్క తప్పింది. ఓడ కట్టడం వచ్చింది కానీ బ్రిటన్‌లో కట్టించుకునేదానికంటే ఇక్కడ ఖర్చు ఎక్కువైంది. ఆ తేడా ఎవరు భరించాలి? సింధియా తన ఓడలు తన యార్డులో కట్టించుకుని నష్టపోవాలి, లేదా ప్రభుత్వం సాయం చేయాలి. ఆర్డర్లు కరువయ్యాయి. 1952 జనవరిలో ప్రభుత్వం మూడింట రెండు వంతుల వాటా తీసుకుంది. హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఏర్పడింది. 1961లో మిగతా వాటా కూడా కొనేసింది.

ప్రభుత్వపరమయ్యాక కూడా యార్డు నష్టాల్లోంచి బయటపడలేదు. కానీ మూతపడలేదు. తేడాను భరించేవాడు దొరికాడు, అంతే. విశాఖలో షిప్‌యార్డ్ ఉద్యోగమంటే ఒక తరానికి పిల్లనిచ్చే అర్హత. 1990ల తర్వాత ఆర్డర్లు మళ్లీ ఎండిపోయినప్పుడు యార్డు మళ్లీ కుంటింది. 2010లో నౌకాయాన శాఖ నుంచి రక్షణ శాఖకు మారింది. ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు మారడం కూడా యజమాని మారడం లాంటిదే. కొత్త యజమానికి యుద్ధనౌకలు, సహాయ నౌకలు కావాలి. 2023 ఆగస్టులో ఐదు నౌకాదళ సహాయ నౌకల కోసం దాదాపు 19 వేల కోట్ల రూపాయల ఒప్పందం వచ్చింది. ఎండిన యార్డులో పని మళ్లీ కనిపించింది.

ఇదే తెలుగు నేల మీద తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ హైదరాబాద్ ఆల్విన్ 1980లలో నిస్సాన్ సాయంతో జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారు చేసేది. 1989లో ఆ విభాగాన్ని మహీంద్రా తీసుకుంది. అక్కడ ఇప్పటికీ వాహనాలు తయారవుతున్నాయి. రిఫ్రిజిరేటర్లు, వాచీలు చేసిన ఆల్విన్ మిగతా విభాగాల గతి హైదరాబాద్ పాతవాళ్లకు చెప్పక్కర్లేదు.

కుర్లా గేటు

మూడు కార్ఖానాల్లో వాల్‌చంద్ కుటుంబం చేతిలో మిగిలింది కార్లదే. దాని వైభవం ఆయన చూడలేదు. 1949లో పక్షవాతం వచ్చింది. 1950లో బాధ్యతలన్నీ వదిలేశాడు. 1953 ఏప్రిల్ 8న ఉత్తర గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో కన్నుమూశాడు. డెబ్భై ఏళ్లు.

ఆ సంవత్సరమే టారిఫ్ కమిషన్ నివేదిక వచ్చింది. దేశంలో విడిభాగాలు తయారు చేసే పథకం ఉన్న కంపెనీలకే చోటు, పెట్టెలు విప్పి బిగించేవాళ్లు సర్దుకోవాలి అన్నది సారాంశం. ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్లిపోయాయి. ఇరవై ఏళ్ల కింద వాల్‌చంద్ అడిగింది ఆయన పోయిన ఏడాది విధానమైంది. కుర్లాలో ఫియట్ లైసెన్సు మీద 1954 నుంచి ఫియట్ 1100 తయారైంది. భాగాలు ఒక్కొక్కటీ ఇక్కడే చేయడం మొదలైంది. 1970లలో దానికే పద్మిని అని పేరు పెట్టారు. బొంబాయి నలుపు పసుపు టాక్సీ అదే. కారు కోసం జనం ఏళ్ల తరబడి ఎదురు చూశారు.

ఈ సుఖమే దాన్ని చెరిచింది. ఎన్ని కార్లు చేయాలో లైసెన్సు చెప్పేది, ఎన్ని చేసినా అమ్ముడయ్యేవి. కొత్త మోడల్ కోసం డబ్బు పెట్టాల్సిన అవసరం రాలేదు. యజమాని మారలేదు, కారు మారలేదు, ఉద్యోగాలు కూడా పెద్దగా పెరగలేదు. పనిచేసేవాళ్లకు మాత్రం కుర్లా గేటు గట్టి చోటు. యూనియన్లు బలంగా ఉండేవి. తర్వాత బొంబాయి కార్మికోద్యమానికి మారుపేరైన దత్తా సామంత్ ఎదిగిన కార్ఖానాల్లో ప్రీమియర్ ఒకటి.

1983 డిసెంబర్‌లో గుర్గావ్ నుంచి మారుతి వచ్చింది. అది కూడా చేతులు మారిన కంపెనీయే. సంజయ్ గాంధీ పెట్టి, కార్లు చేయలేక మూలపడ్డ సంస్థను ఆయన మరణం తర్వాత ప్రభుత్వం తీసుకుంది, 1982లో సుజుకిని తెచ్చింది. ఖాళీ షెడ్లున్న చోట దేశంలో అతిపెద్ద కార్ల కంపెనీ లేచింది. ప్రభుత్వం తేవడం వల్ల మాత్రమే అది జరగలేదు. సుజుకి ఒక కొత్త కారు, దాన్ని తయారు చేసే పద్ధతి, విడిభాగాలు చేసే వందల చిన్న కంపెనీల్ని తయారు చేసుకునే ఓపిక తెచ్చింది.

ప్రీమియర్ కూడా అదే దారి వెతికింది, పదేళ్లు ఆలస్యంగా. 1990లలో ఫ్రాన్స్ ప్యూజోతో కలిసి కల్యాణ్ దగ్గర 309 అనే కారు చేసింది. సమ్మెలు, భాగస్వాముల మధ్య పేచీలు, అమ్మకాలు లేకపోవడం. 1997లో ప్యూజో వెళ్లిపోయింది. కుర్లాలో ఫియట్ యూనో వచ్చింది. బుకింగ్‌కు జనం ఎగబడ్డారు, కార్లు సమయానికి రాలేదు. ఆ సంస్థలో అధిక వాటా ఫియట్ చేతికి పోయింది. అదే ఏడాది జనవరిలో దత్తా సామంత్‌ను ముంబైలో కాల్చి చంపారు.

ఫియట్‌కు కుర్లా అవసరం ఎక్కువ రోజులు లేదు. దాని పని పుణె పక్క రంజన్‌గావ్‌కు మారింది, తర్వాత టాటాలతో చేయి కలిపింది. నగరం మధ్యలో ఉన్న పాత కార్ఖానాకు కారుకంటే నేల ఖరీదెక్కువ. కొత్త శతాబ్దం మొదట్లో పద్మిని తయారీ ఆగింది. కార్మికులు స్వచ్ఛంద పదవీ విరమణ కాగితాల మీద సంతకాలు చేశారు. స్వచ్ఛందం అన్న మాటను అంత వ్యంగ్యంగా వాడింది మన పారిశ్రామిక చరిత్రలో ఇంకెక్కడా లేదనిపిస్తుంది.

వాల్‌చంద్ కోల్పోయిన రెండు కార్ఖానాలు నేటికీ జీతాలిస్తున్నాయి. ఆయన కుటుంబం కాపాడుకున్నది మిగల్లేదు. దీన్నుంచి ప్రభుత్వం మంచిది, ప్రైవేటు చెడ్డది అని తేల్చేస్తే తొందరపాటే. ఫియట్, ప్యూజో, సుజుకి ముగ్గురూ విదేశీ ప్రైవేటు కంపెనీలే. బెంగళూరుకు వైమానిక దళం, విశాఖకు నౌకాదళం కొనుగోలుదారులుగా దొరికాయి. కుర్లాకు అలాంటివాడు దొరకలేదు. సాణంద్‌లో టాటా దగ్గర ఎలక్ట్రిక్ కార్ల ప్రణాళిక ఉంది, పాత ఫ్యాక్టరీ నిండిపోవచ్చింది, అందుకే పక్క గేటు కొన్నారు. మరైమలై నగర్ కార్మికులు ఏ తప్పూ చేయలేదు. వాళ్ల గేటు పక్కన అలాంటి అవసరమున్న వాడు ఆ రోజున లేడు.

ఇంకో సంగతి కూడా ఈ జీవితం పక్కన పెట్టి చూడాలి. వాల్‌చంద్ కాలంలో కార్ఖానాలోకి తీసుకున్నవాడు దాదాపుగా జీవితాంతం అక్కడే ఉండేవాడు. ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీల్లో కొత్త ఉద్యోగాలు అన్నప్పుడు అందులో పర్మనెంట్ ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని, అప్రెంటిస్‌లు ఎన్ని అని విడదీసి అడగాలి. ఐటీఐ పూర్తి చేసిన కుర్రాడికి సాణంద్‌లో ముందుగా దొరికేది ఎక్కువగా చివరి రెండే. సాంచల మీద తండ్రికి మీటర్ లెక్కన కూలీ, కొడుక్కి యూనిఫాం, షిఫ్టు బస్సు, క్యాంటీన్ భోజనం, ఏడాదికో రెండేళ్లకో ముగిసే కాగితం. ఏది మేలో ఒక్క మాటలో చెప్పలేం. అయినా చాలామంది కాగితాన్నే ఎంచుకుంటారు. కారణం అడిగితే సాంచ దుమ్ము గురించి, రాత్రి పాళీల గురించి, చెవుల గురించి చెబుతారు.

2023 అక్టోబర్ చివర్లో ముంబై చిట్టచివరి పద్మిని టాక్సీకి ఇరవై ఏళ్లు నిండి రోడ్డు మీద నుంచి తప్పుకుంది. మరుసటి నెలలోనే గుజరాత్‌లో ఇంకో కార్ల కార్ఖానా చేతులు మారింది. బేచరాజీ దగ్గర హన్సల్‌పూర్‌లో 2017 నుంచి నడుస్తున్న సుజుకి ఫ్యాక్టరీని జపాన్ మాతృసంస్థ నుంచి మారుతి సుజుకి తీసుకుంది. అక్కడి నుంచి సిద్ధపూర్ గంటన్నర ప్రయాణం.